తట్టు గురించి ఇరవై రెండు ప్రశ్నలు

ఎవరైనా తప్పు చెబితే దిద్దకుండా ఉండడం నా వల్ల కాదు. ఇరవై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పిన ప్రాణం ఇది. పెళ్లిభోజనంలో పక్కావిడ తన వయసు తగ్గించి చెప్పుకుంటే, ఆవిడ పుట్టిన సంవత్సరంతో సహా సరిచేసి శత్రువును కొనితెచ్చుకున్నాను. మా ఆయన నాతో ఏదైనా చెప్పే ముందు తారీఖులన్నీ మనసులో ఒకసారి సరిచూసుకుంటాడు. అలాంటి నన్ను పట్టుకుని, బడి నుంచి రిటైరైన ఆరో నెలలో, తప్పులు విని నోరు మూసుకుని కూర్చునే పనిలో పెట్టారు.

పని ఇదీ. తట్టు జబ్బు గురించీ, దానికి వేసే టీకా గురించీ చంటిపిల్లల తల్లిదండ్రులకు ఎంత తెలుసో కొలవాలి. ఇరవై రెండు ప్రశ్నల కాగితం, ఒక అట్ట, ఒక పెన్ను, హాస్పిటల్ గుర్తు ఉన్న బిళ్ల మెడలో. ప్రతి ఇంటికీ రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి అడిగిన ప్రశ్నలనే సరిగ్గా రెండు వారాల తర్వాత అదే మనిషిని మళ్లీ అడగాలి.

ఎందుకని అడిగితే హాస్పిటల్లో ఈ సర్వే లెక్కలు చూసే సారు ఓపిగ్గా చెప్పారు. ఈ పనంతటికీ ఆయనే పెద్ద. సన్నటి మనిషి, కోపం రాదు, గొంతు పెంచడు.

"తక్కెడ మంచిదో కాదో ఎలా చూస్తారండీ? ఒకే మూటని రెండుసార్లు తూస్తారు. రెండుసార్లూ ఒకే బరువు చూపిస్తే మంచి తక్కెడ. మన ప్రశ్నల కాగితం కూడా తక్కెడే. ఈ మధ్యలో మీరు మూటలో ఓ గుప్పెడు పోశారనుకోండి, ఇక దాని సంగతి తేలదు."

గుప్పెడు పోయడమంటే నేర్పడం. సరైన జవాబులన్నీ ఉన్న ఆకుపచ్చ కరపత్రం ఒకటి అచ్చు వేయించారు. అది నా సంచీలోనే ఉంటుంది, కానీ రెండోసారి వెళ్లి చివరి ప్రశ్న అయిపోయాకే ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరేం చెప్పినా తల ఊపాలి, రాసుకోవాలి, తర్వాతి ప్రశ్నకు పోవాలి. సరైన జవాబుకూ తప్పు జవాబుకూ ముఖం ఒకేలా ఉండాలి.

"పదిహేను రోజులే కదండీ," అన్నారు సారు.

ఆ ముఖం కోసం ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. వెనకనుంచి మా ఆయన తొంగిచూసి, "ఇంతకీ పెళ్లికి వెళ్తున్నావా, పరామర్శకి వెళ్తున్నావా?" అన్నాడు.

నా వాటాకు అరవై ఒక్క ఇళ్లు వచ్చాయి. మొదటి వారం నరకం. తట్టు ఎండ వల్ల వస్తుందన్నవాళ్లున్నారు. టీకా వేస్తే పిల్లల నడక ఆలస్యమవుతుందన్నవాళ్లున్నారు. ఒక తండ్రి, బ్యాంకులో పెద్ద ఉద్యోగి, ఇరవై రెండింటికీ "తెలియదు" అని చెప్పి, పైగా తెలియకపోవడం తన హోదాకు తగినదే అన్నట్టు కాలు మీద కాలు వేసుకున్నాడు. బడిలో అయితే బెంచీ ఎక్కించేదాన్ని. ఇక్కడ మాత్రం తల ఊపి, రాసుకుని, మెట్లు దిగి వచ్చేదాన్ని. వీధిలోకి వచ్చాక సరైన జవాబులన్నీ ఒక్కటొక్కటిగా పైకి అనుకుంటూ నడిచేదాన్ని. దారినపోయేవాళ్లు పక్కకు తప్పుకునేవారు.

దర్జీ అమ్మాయి ఇల్లు నలభయ్యోది. నాలుగంతస్తుల పాత భవనంలో మూడో అంతస్తు. సోమవారం పొద్దున పదింటికి వెళ్లాను. ముందుగది దుకాణం, వెనకగది కాపురం. కిటికీ పక్కన కుట్టు మిషను, దాని చుట్టూ బడిపిల్లల నీలం బట్టలు గుట్టలుగా. కొన్నింటికి చేతులు లేవు, కొన్నింటికి కాలర్లు లేవు. నేల మీద కత్తిరించి పడేసిన ముక్కల కుప్పలో, మెడదాకా మునిగి, పదమూడు నెలల పిల్ల ఒకతె టేపు చివర నములుతోంది.

"చిట్టెలుకా, వదులు!" అంది తల్లి. నాతో అంది, "ఏది దొరికినా కొరికేస్తుంది మేడమ్. అసలు పేరు మేమే మర్చిపోయాం. గుండీల డబ్బా బీరువా మీద పెట్టుకుని బతుకుతున్నాం."

ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. పెదాల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడగలదు. మెట్లెక్కి ఆయాసపడుతున్న నాకు స్టూలు వేసి, మంచినీళ్లిచ్చింది.

"లిఫ్టు పాడైపోయి రెండేళ్లయింది మేడమ్. మా ఆయన పనేంటో తెలుసా? లిఫ్టులు బాగుచేయడం. ఊళ్లో లిఫ్టులన్నీ ఎక్కిస్తాడు దించుతాడు, ఇంటికి మాత్రం కాళ్లీడ్చుకుంటూ వస్తాడు."

నవ్వాను. పని మొదలుపెట్టాను. ఇది పరీక్ష కాదు, మార్కులు ఉండవు, మీకు తోచింది చెప్పండి అని నిబంధన ప్రకారం చదివాను. అయినా ఆమె గుండుసూదులు తీసి పక్కన పెట్టి, చున్నీ సర్దుకుని, బడిలో కూర్చున్నట్టే కూర్చుంది.

బాగానే చెప్పింది. తట్టు ఒకరి నుంచి ఒకరికి గాలి ద్వారా అంటుకుంటుందని తెలుసు. జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడడం తెలుసు. కొన్ని తప్పాయి. పిల్లకు జలుబు ఉంటే టీకా వేయకూడదు అంది. చిన్న జలుబు ఉన్నా వేయవచ్చు. ప్రతి జవాబుకూ నా ముఖంలోకి చూసేది. నేను అద్దంలో నేర్చుకున్న ముఖం చూపించాను.

పదిహేడో ప్రశ్న చదివాను. "టీకా వేయించని బిడ్డ, తట్టు వచ్చిన పిల్లలతో కలిసి గడిపిందని తెలిసింది. అప్పుడు టీకా వేయించడం వల్ల లాభం ఉందా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "అప్పటికే ఒంట్లోకి వచ్చేసి ఉంటుంది కదా... ఇంక ఏం లాభం? లేదనుకుంటా." నా ముఖంలోకి చూసింది. "అంతే కదా మేడమ్?"

ఉంది తల్లీ, మూడు రోజుల్లోగా వేయిస్తే చాలావరకు ఆపవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తల ఊపి, "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టి, పద్దెనిమిదో ప్రశ్నకు వెళ్లాను.

చివరి ప్రశ్న టీకాల కార్డు గురించి. ఆమె బీరువాలోంచి కార్డు తెచ్చి చూపించింది. తొమ్మిదో నెల దగ్గర ఖాళీ.

"అప్పుడు జలుబు చేసింది. తర్వాత పనిలో పడి కుదర్లేదు. ఈ బడిబట్టలు పదిహేను రోజుల్లో అప్పజెప్పాలి. అవి అయిపోగానే వెళ్దామనుకుంటున్నా. తొందరేం లేదు కదా?"

"మీకు వీలైనప్పుడు," అన్నాను.

ఈ రెండు మాటలు నిబంధనల్లో కూడా లేవు. ఊరికే నోట్లోంచి వచ్చాయి. మెట్ల మీద ఒక్క నిమిషం నిలబడ్డాను. వెనక్కి వెళ్లి చెబుదామా అనిపించింది. పదిహేను రోజులే కదా అనుకుని దిగిపోయాను. సంచీలో అరవై ఒక్క కరపత్రాలు భద్రంగా ఉన్నాయి.

అదే పూట ఆమె ఎదురింట్లో ఒక పెద్దావిడను అడిగాను. కూతురు అల్లుడు ఇద్దరూ పనికి పోతే పదకొండు నెలల మనవణ్ణి ఆవిడే చూసుకుంటుంది కాబట్టి, ఆవిడనే అడగమన్నారు. టీకా ఏ వయసులో అంటే, "ఏడాది నిండాలి, అంతకుముందు వేస్తే పిల్లలు తట్టుకోలేరు," అంది ధీమాగా. దానికీ తల ఊపాను. మర్నాడు మనవడితో పెద్దకూతురి ఇంటికి పోతున్నానని, మళ్లీ రెండు వారాలకు గాని రానని చెప్పింది. సరిగ్గా నాకు కావలసిన రోజుకే తిరిగి వస్తుందని సంతోషించాను కూడా.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ సోమవారం. మెట్లు ఎక్కుతుంటే మిషను చప్పుడు వినపడలేదు. బడిబట్టలు అప్పజెప్పేసి ఉంటుంది, ఇవాళ తీరిగ్గా కూర్చుంటుంది అనుకున్నాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే పగలే చీకటి. కిటికీకి నీలం గుడ్డ అడ్డంగా కట్టారు. దర్జీ అమ్మాయి పిల్లను భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. బట్టల గుట్టలు అలాగే ఉన్నాయి, చేతులు లేనివి చేతులు లేకుండానే.

"రండి మేడమ్. వెలుతురు చూడలేకపోతోంది, అందుకని కట్టాను. గురువారం సాయంత్రం నుంచి జ్వరం. వీధి చివర డాక్టరు సిరప్ ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి పెరుగుతోంది. పొద్దున్న చూస్తే ఇదిగో, చెవుల వెనక..."

పిల్ల తల నా వైపు తిప్పింది. చెవుల వెనకనుంచి, జుట్టు మొదళ్లనుంచి ఎర్రటి మచ్చలు నుదుటి మీదికి దిగుతున్నాయి. కళ్లు పుండ్లలా ఉన్నాయి. దగ్గితే చిన్న ఛాతీ లోపలికి పోతోంది. స్టూలు వేయకముందే కూర్చుండిపోయాను, నేల మీద, ఆ గుడ్డముక్కల్లో.

"పెద్దాసుపత్రికి వెళ్లాలమ్మా. ఇప్పుడే."

"ఆయనకి ఫోన్ చేశాను, వస్తున్నాడు. అరగంట పడుతుంది. ఈలోగా మీ ప్రశ్నలు అడిగేయండి. మళ్లీ ఇంత దూరం ఏం వస్తారు పాపం."

పాపం అంది నన్ను. నేను అట్ట తీయలేదు. ఎక్కడ అంటుకుందో తెలుసా అని అడిగాను. పిల్ల వీపు నిమురుతూ, నడుస్తూనే చెప్పింది.

"మీరు వచ్చి వెళ్లిన రెండో రోజు, బుధవారం, మా ఆడబిడ్డ కొడుకుని తీసుకుని వచ్చింది. వాడికి జలుబు, కళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి. బడి నుంచి అంటుకుందేమో అనుకున్నాం. ఇద్దరూ రోజంతా ఈ ముక్కల్లోనే పొర్లారు. గురువారం పొద్దున్నే ఆడబిడ్డ ఫోన్ చేసింది, వాడికి ఒళ్లంతా పేలింది, తట్టట అని. మా ఆయన వెంటనే దీన్ని చంకనేసుకుని చెప్పులు వేసేసుకున్నాడు మేడమ్. పద, టీకా వేయించేద్దాం, ఇవాళ పని మానేస్తా అన్నాడు. నేనే ఆపాను."

"ఎందుకు ఆపావమ్మా?"

నడక ఆపి నన్ను వింతగా చూసింది.

"లాభం లేదు కదా మేడమ్. మీరడిగింది అదే కదా. నాకైతే సరిగ్గా తెలీదు. ఏదో తోచింది చెప్పాను. మీరు విని రాసుకున్నారు. తప్పయితే మీరు చెప్పరా? హాస్పిటల్ తరఫున వచ్చిన మనిషి, అంత చదువుకున్న పెద్దావిడ, పసిపిల్ల కళ్లెదురుగా ఆడుకుంటుంటే, తప్పని తెలిసి ఊరుకుంటుందా? అదే చెప్పాను ఆయనకి. ఆయన కూడా నిజమేలే అన్నాడు. చెప్పులు విప్పేశాడు."

ఏ పాఠం చెప్పకుండా వచ్చానని నా మీద నేనే జాలిపడ్డ పూట, ఈ ఇంట్లో పాఠం చెప్పేసి వెళ్లాను. తప్పు పాఠం. నా మెడలో బిళ్ల దానికి సాక్షి సంతకం.

"ఆ రోజు వెళ్లినా ఇలాగే అయ్యేది కదా మేడమ్?" అంది. "నేను ఆపినందువల్ల కాదు కదా?"

అవునమ్మా, ఇలాగే అయ్యేది అని చెప్పవచ్చు. ఆ మాట చెబితే ఆమె ఈ పూటకు ఊపిరి పీల్చుకుంటుంది. నేనూ పీల్చుకుంటాను. ఇంకెవరూ వచ్చి మమ్మల్ని దిద్దరు. నిజం చెప్పాలా వద్దా అని నా జన్మలో మొదటిసారి తటపటాయించాను. కానీ ఆమెకు మళ్లీ ఒక తప్పు అప్పగించి మెట్లు దిగడం నాకు చేతకాలేదు.

"తప్పు నీది కాదు. నాది," అన్నాను. "కలిసి గడిపిన మూడు రోజుల్లోగా టీకా వేయిస్తే చాలావరకు రాదు. వచ్చినా తేలిగ్గా పోతుంది. ఆ రోజు నాకు తెలుసు. చెప్పకూడదన్నారని చెప్పలేదు."

ఆమె పిల్లను భుజం మార్చుకుంది. కుడిచేతి వేళ్ల మీద బొటనవేలు ఆనించి లెక్కపెట్టింది.

"బుధవారం వచ్చాడు వాడు. గురువారం పొద్దున్న ఈయన చెప్పులేసుకున్నాడు," అంది. "అంటే ఒక్క రోజే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పిల్ల మెడలో ముఖం పెట్టుకుని అలాగే నిలబడింది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్లల్లో వేరే భయం కనపడింది.

"ఎదురింటి పెద్దావిడ నిన్న సాయంత్రమే ఊర్నించి వచ్చింది. జ్వరం ఉన్న పిల్లని చూస్తానని వాణ్ణి కూడా ఎత్తుకుని వచ్చి గంట కూర్చుంది. వాడికి ఏడాది నిండలేదని టీకా వేయించలేదు. నిన్న సాయంత్రం అంటే... ఇంకా రెండు రోజులు ఉన్నట్టే కదా?"

"ఉన్నట్టే."

"మరి ఇక్కడ కూర్చున్నారేంటి!" అని అరిచింది. భుజం మీద పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. "వెళ్లండి! వెళ్లి చెప్పండి!"

లేచి వెళ్లాను. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, వట్టికాళ్లతో ఎదురింటి తలుపు బాదాను. పెద్దావిడ తలుపు తీసి, "అబ్బా, వచ్చావా అమ్మాయ్, సరిగ్గా రోజుకి వచ్చావే," అంది. చంకలో మనవడు.

ప్రశ్నలు లేవని, బాబుకు ఈ రోజే టీకా వేయించాలని, ఎదురింటి పిల్లకు వచ్చింది తట్టని ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏడాది నిండకుండానా? ఆ రోజు ఏడాది నిండాలంటే నువ్వు తల ఊపి రాసుకున్నావు కదా. ఇవాళేమో ఇప్పుడే అంటావు. ఏది నిజం?"

"ఇవాళ చెప్పేది నిజం పిన్నిగారూ. తొమ్మిది నెలలకే వేయాలి. ఆ రోజు మీరు చెప్పింది తప్పు."

"తప్పయితే అప్పుడే చెప్పి చావొచ్చు కదా!"

"చెప్పకూడదన్నారు."

"ఎవరు?"

తక్కెడ, మూట, గుప్పెడు అని మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే ఆవిడ చేయి అడ్డంపెట్టింది.

"నువ్వు చెప్పేది నాకు అర్థం కాలేదు, అర్థం కావలసిన అవసరం కూడా లేదు. పసిపిల్లల విషయంలో చెప్పకూడనిది ఏముంటుందే? నా మనవడు నీకు తూకంరాయి లాగా కనపడ్డాడా? బడిపంతులమ్మవని చెప్పుకున్నావు, సిగ్గులేకపోతే సరి!"

ఏ మాటకూ ఎదురు చెప్పలేదు. ఇంకా నాలుగు అంటే బాగుండుననే అనుకున్నాను. ఆవిడ తిడుతూనే బాబు టోపీ వెతికింది, తిడుతూనే తలుపుకు తాళం వేసింది. మెట్లు దిగుతూ కింద అంతస్తు దాకా నన్ను, సారును, హాస్పిటల్‌ను, మమ్మల్ని కన్నవాళ్లను వరసగా చెడామడా దులిపింది. వీధి చివర క్లినిక్‌లో పన్నెండు లోపల బాబుకు టీకా పడింది. వాడు ఒక్క కేక పెట్టి, ఆవిడ చేతిలో బిస్కెట్టు చూసి ఊరుకున్నాడు.

మేం తిరిగి వచ్చేసరికి దర్జీ అమ్మాయీ భర్తా పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నా చెప్పులు గుమ్మం పక్కన ఒద్దికగా పెట్టి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే సారు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ భవనంలో ఏడు ఇళ్ల ఫారాలు ఇక పనికిరావని కూడా చెప్పాను, ఎందుకంటే దిగేముందు మిగతా ఐదు తలుపులూ కొట్టి కరపత్రాలు ఇచ్చేశాను. ఆయన బల్ల మీద కాగితాలు సర్దారు. అప్పటికి రెండోసారి పూర్తయిన ఇళ్లన్నింటిలో పదిహేడో ప్రశ్నకు జవాబులు నూటికి తొంభై మంది మొదటిసారి చెప్పినట్టే చెప్పారని, ఆ ప్రశ్న తమ కాగితంలో అన్నిటికంటే నికరమైనదని, అది చూసి పొద్దున్న తను సంతోషపడ్డానని చెప్పారు.

"మొదటిసారి 'అనుకుంటా' అన్నవాళ్లు రెండోసారి కూడా ఆ మాట అన్నారా, ఖాయంగానే చెప్పేశారా అండీ?" అని అడిగాను.

"అది రాసుకోవడానికి మన ఫారంలో గడి లేదండీ," అన్నారు. అని, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను. రాలేదు. మిగిలిన ఇళ్లు ఎన్ని అని అడిగారు. చెప్పాను. సగం కరపత్రాలు తన సంచీలో వేసుకుని లేచారు. రెండు రోజుల్లో ఇద్దరం అన్ని ఇళ్లూ తిరిగేశాం. బ్యాంకు ఉద్యోగికి ఇరవై రెండు జవాబులూ నిలబెట్టి చదివి వినిపించాను.

పిల్ల పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. తట్టుతో పాటు న్యుమోనియా చేసింది. మొదటి నాలుగు రోజులు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నేను రోజూ వెళ్లేదాన్ని. వార్డులోకి ఒక్కరినే పంపేవారు కాబట్టి వరండాలో కూర్చునేదాన్ని. ఆ అమ్మాయి భర్త నన్ను చూసి ముఖం తిప్పుకునేవాడు. అతన్ని తప్పుపట్టలేను. చెప్పులు వేసుకున్నవాడు అతను. ఐదో రోజు దర్జీ అమ్మాయి బయటికి వచ్చి, "గొట్టం తీశారు," అని మాత్రం చెప్పి లోపలికి పోయింది. ఆ రోజు మెట్ల దగ్గర గోడ వైపు తిరిగి ఏడ్చాను. బడిలో ఎంతమంది పిల్లలను ఏడిపించానో గాని, నేను ఏడవడం నాకే కొత్త.

పిల్ల ఇంటికి వచ్చిన నెల తర్వాత ఆమే ఫోన్ చేసింది. చిన్న పని ఉంది, ఒకసారి రాగలరా అక్కా అంది, మేడమ్ అనలేదు.

ఎండపూట వెళ్లాను. కిటికీకి గుడ్డ లేదు. మిషను మీద ఎవరిదో జాకెట్టు సగం కుట్టి ఉంది. పిల్ల నేల మీద కూర్చుని, ఖాళీ పౌడరు డబ్బాకు మూత పెడుతూ తీస్తూ ఆడుకుంటోంది. చిక్కి సగమైంది. జుట్టు పలచబడింది. కానీ మూత మధ్యమధ్య నోట్లోకి పోతోంది, అది చూసి ప్రాణం కుదుటపడింది.

"ఎడమ చెవిలోంచి చీము వచ్చింది ఆసుపత్రిలో," అంది దర్జీ అమ్మాయి. "ఆ చెవి వినిపించకపోవచ్చు, కొన్నాళ్లు పోయాక మిషను పెట్టి చూస్తాం, ఇప్పుడే చెప్పలేం అన్నారు. కుడి చెవికి ఏం ఫరవాలేదట. కానీ మంచాన పడుకున్నప్పుడు ఆ కుడి చెవి దిండుకు ఆనుకుని ఉంటే, గిన్నె కిందపడ్డా కదలట్లేదు. ఎడమ చెవి వినపడుతోందో లేదో నాకు తేలట్లేదు అక్కా. కుడి చెవి మూసి నేను పిలిస్తే తిరుగుతుంది. నా గొంతు విని తిరుగుతుందో, నా నీడ చూసి తిరుగుతుందో తెలీట్లేదు. ఆయన పిలిచినా అంతే. మీరంటే దానికి అంతగా అలవాటు లేదు. అందుకని రమ్మన్నాను."

పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆడిస్తున్నట్టు నటిస్తూ, పిల్ల కుడి చెవిలో దూది పెట్టి, పైన తన అరచేతిని మెల్లగా మూతలా ఆనించింది.

"ఎడమ పక్కకి వెళ్లండి. కాస్త వెనకగా. నీడ పడకుండా. పిలవండి."

వెళ్లి నిలబడ్డాను. "చిట్టెలుకా," అన్నాను.

పిల్ల డబ్బాకు మూత పెట్టింది.

"ఇంకాస్త గట్టిగా అక్కా."

"చిట్టెలుకా!"

మూత తీసి లోపలికి తొంగిచూసింది.

"మీరు బడిలో చెప్పినవాళ్లు కదా," అంది తల్లి. చేయి తీయలేదు, కళ్లు పిల్ల ముఖం మీదే ఉన్నాయి. "ఆ గొంతుతో పిలవండి."

అరవై మంది పిల్లలను ఒక్కసారిగా కూర్చోబెట్టిన గొంతుతో పిలిచాను. కిటికీ రెక్క అదిరింది. ఎదురింటి తలుపు తెరుచుకుని పెద్దావిడ ఏమైందని గాబరాగా బయటికి వచ్చింది. ఆవిడ చంకలో ఉన్న బాబు నా గొంతు వచ్చిన వైపు గబుక్కున తల తిప్పి, నన్ను చూసి నవ్వాడు.

చిట్టెలుక మూతను మళ్లీ డబ్బా మీద పెట్టి, రెండు చేతులతో నొక్కుతోంది.